వంగపువ్వు రంగు పటిక

బుల్లోడా! పిలిస్తే పలకవని తెలుసు. అయినా ఈ కాగితం మీద మొదట ఆ మాటే పడింది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

నా కొడుకు పోయాడన్న కబురు టెలిగ్రాంలో వచ్చింది. పలాస నుంచి తెచ్చిన పోస్టు మనిషి మా ఇసకలో సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ తోటలోకి వచ్చాడు. నేను కొబ్బరికాయలు ఒలిపిస్తున్నాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయనే చదివి తెలుగులో చెప్పాడు. నేను నమ్మలేదు.

"ఇంకోపాలి సదువు" అన్నాను. చదివాడు.

"మా ఊరి పేరుందా అందుల?"

"ఉందమ్మా."

"మా ఆయన పేరు?"

"అదీ ఉందమ్మా."

"పట్నం కాలేజీల మా ఊరి గుంటలు ఇంకెవులైనా ఉన్నారేటో, సరిగ్గా సూడు బాబూ."

ఆయన సైకిలు పట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మా ఊరి నుంచి పట్నంలో చదివేది వాడొక్కడే అని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన, మా బావగారు ఆ పూటే రైలెక్కారు. ఆడవాళ్ళు రాకూడదన్నారు. అక్కడే అన్నీ జరిపించి, మూడోనాడు వాడి రేకు పెట్టె మోసుకుని ఇంటికొచ్చారు. నేను వాడి మొహం చూడలేదు. చూడలేదు కాబట్టే నాలో అనుమానం అణగలేదు.

చదివేవారికి ఒక మాట ముందే చెప్పుకోవాలి. వాడితో చదువుకున్న పిల్లలు వాడి జ్ఞాపకానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "మీరూ నాలుగు మాటలు రాయండమ్మా" అని అడిగారు. నాకు రెండో తరగతి చదువు. తప్పులు దిద్దండి, మాట మాత్రం మార్చకండి, అచ్చుకి ముందు ఒకసారి నాకు చదివి వినిపించండి అని షరతు పెట్టాను. మీదట ఏం మారుస్తారో అని నా భయం. నేను అనుమానం మనిషిని. తూకం వేసేవాడి ముల్లు చూడను, చెయ్యి చూస్తాను. పాలమనిషి ఎదుటే పాలల్లో వేలు ముంచుతాను. ఈ గుణం వల్ల నేను ఎప్పుడూ మోసపోలేదని నలుగురికీ చెప్పుకుని గర్వపడేదాన్ని.

వాడికి ఆరేళ్ళప్పుడు టెక్కలిలో మా పుట్టింటివారి పెళ్ళికి వెళ్తూ నౌపడలో ఉప్పు మళ్ళు చూశాం. ఎండలో తెల్లగా కుప్పలు పోసి ఉన్నాయి. వాడు గుప్పెడు ఉప్పు లాగు జేబులో పోసుకుని, పెళ్ళిలో అందరూ భోజనాలకి కూర్చున్న వేళ ఒక మూల ఒక్కొక్క గల్లూ తీసి వరస పేర్చాడు.

"అమ్మా, ఎవులు కోసినారు ఇలాగ?"

"ఎవులూ కొయ్యనేదు. నీరు ఎండిపోతే అదే గడ్డకట్టింది."

"మరన్నిటికీ నాలుగు మూలలే ఎందుకున్నాయి?"

"ఉప్పు ఉప్పులాగ ఉండక మిరపకాయలాగ ఉంటాదేటిరా?"

వాడు నవ్వలేదు. ఒక గల్లు తీసి, ఒక కన్ను మూసుకుని, ఎండకి ఎదురుగా పట్టుకుని చూశాడు. ఆ అలవాటు వాడికి పోనేలేదు. నెయ్యి పోస్తే గిన్నె ఎత్తి వెలుతురుకి పట్టేవాడు. మజ్జిగ తేట, జీడి బంక, పగిలిన గాజుముక్క, ఏది దొరికినా ఒక కన్ను మూసి చూడవలసిందే. "ఊరికే అడిగితే ఏటీ సెప్పదమ్మా. ఎలుతురు ఎదుట పెడితే సెప్తాది" అనేవాడు. నాకు ఆ మాట కూడా నచ్చేది కాదు. రాయితో, గాజుతో మాట్లాడించడమేమిటి?

పెద్ద పరీక్షలు పాసయ్యాడు. ఇక ఎక్కడో ఒక బడిలో పంతులు అవుతాడనుకున్నాం. ఇంకా చదువుతానన్నాడు, పరిశోధన అన్నాడు. కిందటి వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఒళ్ళో ఒక చెక్కపెట్టె పెట్టుకుని రైలు దిగాడు. పలాస నుంచి ఎడ్లబండిలో వస్తున్నంతసేపూ దాన్ని చంటిపిల్లలా పట్టుకునే ఉన్నాడట. పెట్టె నిండా ధాన్యం ఊక. ఊకలో నాలుగు గాజు సీసాలు. సీసాల నిండా నీళ్ళు.

పడమటి గదిలో గాదె పక్కన, ఎండ తగలని చోట పెట్టె దించాడు. ఊక ఎందుకంటే నీళ్ళ వేడి పగలూ రాత్రీ ఒక్కలాగే ఉండాలిట. పైన పల్చటి గుడ్డ కట్టాడు. ఇక ఇంట్లో వాళ్ళకి చట్టాలు మొదలయ్యాయి. తలుపు గట్టిగా వెయ్యకూడదు. ఆ గోడ వైపు రోకలి వెయ్యకూడదు. పిల్లలు గదిలో గెంతకూడదు.

"కదపకుండా ఉంటే సాలు. అదే పెరుగుతాది" అన్నాడు.

మా ఇంట్లో నోరున్న మనిషి మా తోటికోడలు. మా బావగారి భార్య. అప్పా అని పిలుస్తాను. ఆవిడ రోకలి పట్టుకుని అంది:

"దేవుడి గదికి నేవు ఇన్ని ఆంక్షలు. ఓరి గుంటడా, నీ సీసాలు నిద్రపోతన్నాయని నాను పిండి పెరటిలో దంపాలేటి?"

"అవును దొడ్డా. పదిరోజులు. నీ సేతి అట్లు పెరటిలో దంపినా బాగుంటాయి."

"ఇచ్చకాలు బాగా నేర్పినారు పట్నంల."

మర్నాడు పొద్దున్న నేను తల దువ్వుకుంటూ ఉంటే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నీ దువ్వెనల ఎంటిక ఒకటియ్యి. పొడుగుది."

"ఎందుకురా?"

"రాయి కట్టి నీటిల ఏలాడదియ్యాల. దారమైతే నూగుకి పిచ్చిపిచ్చిగా గింజలు కడతాయి. ఎంటిక నున్నగా ఉంటాది, నానదు."

ఇచ్చేశాను. ఇచ్చాక గానీ గుర్తు రాలేదు. మా వైపు ఊడిన వెంట్రుకని ఎవరి చేతికీ చిక్కనివ్వం. ఉండచుట్టి, ఉమ్మేసి పారేస్తాం. నా చేత్తో నేనే తీసి ఇచ్చాను, అదీ నాలుగు.

ఆ మధ్యాహ్నం మా తోటికోడలు తలుపు సందులోంచి చూసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో సెల్లీ! నీ ఎంటికకి రాయి కట్టినాడే! నీటిల ఏలాడదీసినాడే! మీద గుడ్డ కప్పినాడు. ఇదేటి సదువే? సిల్లంగి పెట్టీవోలు ఇలాగే కడతారు."

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట ఒక ఇంటి గడప దాటిందంటే ఆ ఇంటికి ఎవరూ నిప్పు కూడా అడగడానికి రారు. నేను ఆవిడ నోరు మూశాను. నా మనసు నోరు మాత్రం మూయలేకపోయాను.

వాణ్ణి అన్నం దగ్గర అడిగాను. గుడ్డ తీసి చూపించాడు. నీటిలో, నా వెంట్రుక చివర, చింతగింజంత రాయి. ఎవరో సానపట్టినట్టు ఎనిమిది ముఖాలు. రంగు లేత వంగపువ్వు రంగు.

"పటికే అమ్మా. నువ్వు మురికి నీటిల తిప్పుతావు సూడు, గుమ్మానికి దిష్టికి కడతావు సూడు, ఆ పటికే. అందుల క్రోమియమని ఒక లోహం ఉన్న పటిక పిసరంత కలిపినాను, నువ్వు పప్పుల ఇంగువేసినట్టు. రాయి కట్టుకున్నప్పుడు ఆ లోహం ఎల్లి పటిక మధ్యల కూకుంటాది."

"కూకుంటే?"

"తెల్లటి ఎలుతురుల అన్ని రంగులూ ఉంటాయి. అది దానికి కావలసిన రంగు మింగీసి మిగిలింది ఒదిలీసాది. ఏది మింగిందో కొలిస్తే, లోపల దాని సుట్టూ ఎవులు కూకున్నారో, ఎంత దగ్గిరగా కూకున్నారో తెలుస్తాది. ఒకే పిల్ల పుట్టింట ఒకలాగ, అత్తోరింట ఒకలాగ ఉండదేటి? ఇదీ అంతే. ఇదే క్రోమియం ఒక రాయిలో ఉంటే కెంపు, ఇంకో రాయిలో ఉంటే పచ్చ."

మా తోటికోడలు గడప దగ్గర నుంచే అంది: "అయితే నన్ను కూడా నీ ఎలుతురు ముందు నిలబెట్టరా. మా అత్త పక్కన ముప్పయ్యేళ్ళు కూకుని ఏ రంగు పోగొట్టుకున్నానో సెప్దువుగాని."

వాడు పొలమారేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు. నా చెవికి కెంపు, పచ్చ అన్న రెండు మాటలే తగిలాయి. దొంగ రాళ్ళు చేస్తున్నాడేమో అనుకున్నాను. "కంసాలోల ఎవులితోనైనా మాటాడుకున్నావేటిరా?" అని అడిగాను. "అమ్మా, నీకు పోలీసు ఉద్యోగం ఇయ్యాల" అన్నాడు.

సందె దీపం పెట్టేవేళ ఇంకోటి చూశాను. సీసాల పక్కగా దీపం పట్టుకు వెళ్తే, పగలు వంగపువ్వులా ఉన్న రాయి దీపం ముందు ఎర్రబడింది. లోపల నా వెంట్రుక. నేను దీపం గూట్లో పెట్టి, వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాను. ఆ రోజు మొదలు వాడు లేనప్పుడు వాడి పెట్టె వెతికాను. జేబులు వెతికాను. సీసాల మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. వాడి వేళ్ళకి అంటిన రంగు వాడు నిద్రపోతుంటే తడిగుడ్డతో తుడిచి చూశాను.

అంతలో సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం రోజు ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచం. పట్టు విడిచాక స్నానాలు చేసి, కుండల్లో పాత నీళ్ళన్నీ పారబోసి, కొత్త నీళ్ళు తెచ్చుకుంటాం. పారబొయ్యలేనివాటికి, పాలకి, పచ్చళ్ళకి, నేతికి ముందే ఒక దర్భ వేస్తాం. దర్భ పడ్డదానికి దోషం అంటదు. పంతులుగారు ముందురోజే దర్భలు పంపించారు. వాడు నల్లమసి పట్టించిన అద్దంముక్క పట్టుకుని, గ్రహణం చూడ్డానికి స్నేహితులతో బారువ సముద్రం ఒడ్డుకి పొద్దున్నే వెళ్ళిపోయాడు.

నేను అన్నిటికీ దర్భలు వేశాను. ఇంకా నాలుగు మిగిలాయి. సరిగ్గా నాలుగు. పడమటి గది గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ నిలబడ్డాను. వెనక్కి వచ్చేశాను.

పట్టు విడిచాక నాలుగు సీసాలూ కొబ్బరి మొదట్లో వంపేశాను. రాళ్ళకి ఉన్న నా వెంట్రుకలు నేను పీక్కుని, ఉండచుట్టి, ఉమ్మేసి పారేశాను. రాళ్ళు ఇసకలో పడ్డాయి. వాటి మీద గ్రహణం నీళ్ళన్నీ కుమ్మరించాను. సీసాలు ముగ్గుపిండితో తళతళా తోమి, వరసగా బోర్లించాను.

వాడు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బోర్లించిన సీసాలు చూశాడు.

"సీసాలు తోమినావా అమ్మా?"

"గ్రహణం కదా నాయినా. నిలవ నీలు ఉంచకూడదు."

"పచ్చడికి దర్భేసినావా?"

"ఏసినాను."

"పాలకి?"

"ఏసినాను."

"నాలుగు దర్భలు మిగల్నేదా అమ్మా?"

"మిగల్నేదు" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. కొబ్బరి మొదట్లో కూర్చుని ఇసకలోంచి రాళ్ళు ఏరుకున్నాడు. నీళ్ళకి మూలలన్నీ కరిగిపోయి, చప్పరించి ఉమ్మేసిన పటికబెల్లం ముక్కల్లా ఉన్నాయి. ఒక్కొక్కటీ పంచె కొంగుతో తుడిచి, ఒక కన్ను మూసి ఎండకి పట్టి చూసి, పక్కన పెట్టాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులకే పట్నం వెళ్ళిపోయాడు. రంగులు కొలిచే యంత్రం ఒక్కటే ఉందిట. వంతులు వేసుకుంటారు. ముందు రాళ్ళు మళ్ళీ పెంచాలి. వంతు తప్పితే ఏడాది ఆగాలి. ఆ తరవాత ఉత్తరాలు పొట్టిగా వచ్చేవి. "క్షేమం. పని ఎక్కువగా ఉంది. రాయి పెరుగుతోంది." అంతే. చివరికి టెలిగ్రాం వచ్చింది.

కడుపులో పుండు చితికిందని డాక్టరు చెప్పాడట. మా ఆయన ఆ మాట చెప్తే నేను ఒప్పుకోలేదు.

"ఆ రాళ్ళే సంపినాయి. ఆ రంగులే లోపలికి పోయినాయి."

"డాక్టరు సెప్పినాడే."

"డాక్టరుకేటి తెలుసు? నా బిడ్డ వేలు నాను తుడిసి సూసినాను."

నెల తిరక్కుండా వాడికి పాఠం చెప్పే పెద్ద మేస్టారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టెలో ఒక రాయీ, నోటుపుస్తకమూ ఉండాలి, కొలతలు సగంలో ఆగిపోయాయి, అవి పంపితే పూర్తి చేసి మీ అబ్బాయి పేరున అచ్చు వేయిస్తాం అని రాశారు. నా ఒళ్ళు మండిపోయింది. బిడ్డ పోయిన ఇంటికి రాయి కోసం ఉత్తరం రాస్తారా? అంత విలువైనదా అది? ఎవరి పేరున వేసుకోవడానికి?

మా ఆయన పంపెయ్యమన్నాడు. మా తోటికోడలు సముద్రంలో పడెయ్యమంది. "ఆడి పేనం తీసిన రాయి ఆడి ఎనకే పోనీ" అంది. నాకూ అదే సబబు అనిపించింది. ఇద్దరం బండి కట్టించుకుని బారువ వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళలో దిగి, వాడి రేకు పెట్టెలో దొరికిన డబ్బీ తెరిచాను. దూదిలో ఒకటే రాయి. ఉసిరికాయంత. విసరబోతూ, ఎందుకో తెలీదు, వాడిలాగే ఒక కన్ను మూసి ఎండకి పట్టాను.

రాయి మధ్యలో ఒక గీత కనపడింది. పై నుంచి కిందకి, సన్నగా. వెంట్రుక. తెల్లది.

పట్నంలో వాడికి తెల్లవెంట్రుక ఎవరిస్తారు? వెళ్ళిపోయే ముందు నా దువ్వెనలోంచి నన్ను అడక్కుండా తీసుకుపోయాడు. అడిగితే నేను భయపడతానని.

"ఏటే, ఇసరవేటి?" అంది అప్ప.

"ఎల్దాం పద" అన్నాను.

ఆ వారమే నేనూ మా ఆయనా పలాసలో పాసింజరు ఎక్కాం. వాల్తేరు చేరేదాకా డబ్బీ నా బొడ్లోనే ఉంది. మూటలో పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాను, పట్నంలో ఎవరి చేతి కూడూ తినకూడదని.

పెద్ద మేస్టారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. ఆ మర్యాద చూసి నాకు మరీ అనుమానం వచ్చింది.

"రాయి తెచ్చినాను బాబూ. ఇచ్చీముందు మూడు మాటలు అడుగుతాను."

"అడగండమ్మా."

"ఎవుల పేరు ఏస్తారు?"

"మొదట మీ అబ్బాయి పేరే."

"నాకు నమ్మకం నేదు. తెలుగుల రాసి సూపించండి."

ఆయన కోపగించుకోలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో వాడి పేరు రాసి, కింద చిన్నగా తన పేరు రాశారు. కూడబలుక్కుని చదివి, మడిచి కొంగున కట్టుకున్నాను.

"ఈ రాయి మనిషిని సంపుతాదా?"

"లేదమ్మా. ఇది తోళ్ళు పదునుపెట్టే చోట బస్తాలకి బస్తాలు వాడేదే. నేను ఇరవయ్యేళ్ళుగా వీటి మధ్యనే ఉన్నాను."

"ఇది ఏటి మింగుతాదో నాకు సూపించండి."

తలుపులు వేయించి ఒక దీపం వెలిగించారు. చిన్న గొట్టంలోంచి చూడమన్నారు. ఎరుపు నుంచి ఊదా దాకా రంగులన్నీ పక్కపక్కన, ఎక్కడా తెగకుండా ఉన్నాయి. అప్పుడు దీపానికీ గొట్టానికీ మధ్య నా కొడుకు రాయి పెట్టారు. పసుపు ఉన్న చోట చీకటి పడింది. దూరంగా ఊదా దగ్గర ఇంకో చీకటి. ఎరుపు అలాగే ఉంది.

"పసుపు మింగీసింది" అన్నాను.

"అవునమ్మా. సరిగ్గా ఎంత మింగిందో, ఏ రంగు దగ్గర మొదలెట్టి ఏ రంగు దగ్గర ఆపిందో, అదే మీవాడు కొలిచింది."

వాడు ఆ రోజు అన్నం దగ్గర చెప్పిందంతా నిజమే. దొంగతనం లేదు, చిల్లంగి లేదు. నేను నోటుపుస్తకం ఇచ్చాను. మేస్టారు పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగి, కొంచెం నవ్వి చదివారు. గ్రహణం కారణంగా నాలుగు స్ఫటికాలు పోయినవి, మళ్ళీ మొదలు అని రాసి ఉందిట.

"గ్రహణానికీ దీనికీ సంబంధం ఏమిట్రా అని అందరం ఏడిపించాం. మా ఇంటి ఆచారం సార్, ఎవరి తప్పూ లేదు అన్నాడు."

"దర్భలు మిగిలినాయి బాబూ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది. తల వంచుకున్నాడు.

నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. పేజీ ఎడమ పక్క ఒక వరస అంకెలు ఉన్నాయి. ఇవేమిటి అని అడిగాను. టైము అన్నారు. కొలత తీసినప్పుడల్లా గడియారం చూసి వేసుకోవాలిట. నేను వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. గ్రహణానికి ముందటి పేజీల్లో పది, పదకొండు, పన్నెండు. తరవాత రెండు. ఏ పేజీ చూసినా పన్నెండు తరవాత రెండు. గ్రహణం తరవాత పేజీలు తిప్పాను. పది, పదకొండు, పన్నెండు, ఒంటిగంట, రెండు, మూడు, నాలుగు. ఇంకో పేజీ. ఇంకోటి. ఎక్కడా ఖాళీ లేదు.

"బాబూ, మరి అన్నం ఎప్పుడు తిన్నాడు?"

మేస్టారు తనూ ఆ వరస మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. ఆయన ఆ పుస్తకం ఎన్నిసార్లు చూశారో. కుడిపక్క కొలతలే చూసి ఉంటారు.

"మధ్యలో ఆపితే దీపం వేడి మారుతుందమ్మా. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నేను అడిగేవాణ్ణి. తిన్నాను సార్ అనేవాడు."

చూపు తిప్పకుండా చెప్పి ఉంటాడు. నా కొడుకు కదా.

అయ్యా, అమ్మా, ఇదీ నేను చెప్పుకోవలసింది. నేను వాడి పెట్టె వెతికాను, జేబులు వెతికాను, వేళ్ళు తుడిచి చూశాను, సీసాల వాసన చూశాను. రాతిని అనుమానించాను, మేస్టారిని అనుమానించాను, డాక్టరుని అనుమానించాను. పోయిన గంటలు అందుకోవాలని వాడు మధ్యాహ్నం అన్నం మానేశాడు. ఆ గంటలు పోగొట్టింది నేను. ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. నేనే పుస్తకంలో చదువుకున్నాను.

మర్నాడు వాడి స్నేహితులు ఇద్దరు రాయి యంత్రంలో పెట్టి, వాడు ఆపిన చోటు నుంచి కొలతలు మొదలెట్టారు. నేను గది బయట వరండాలో కూర్చున్నాను. ఒకడు అంకె చెప్తున్నాడు, ఒకడు రాస్తున్నాడు. వింటుంటే హాయిగానే ఉంది. వాడి పని సాగుతోంది. అలా పన్నెండు కొట్టింది. అంకెలు ఆగలేదు. పన్నెండున్నర అయింది. ఇంకా చెప్తూనే ఉన్నారు.

నేను లేచి లోపలికి వెళ్ళాను.

"లెగండి బాబూ. అన్నానికి లెగండి."

"ఇంక రెండు గంటలే అమ్మా. ఇప్పుడు ఆపితే పొద్దున్నుంచి చేసిందంతా పోతుంది."

"పోనీయండి."

"ఇది మీవాడి కొలతే అమ్మా. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

"మొదట్నుంచే సెయ్యండి. రేపు సెయ్యండి. వంతు తప్పితే వచ్చే ఏడు సెయ్యండి. ఆడి పేరు ఆలస్యంగా పడితే నానేటీ అనుకోను. లెగండి."

వాళ్ళు గుమ్మంలో నిలబడ్డ మేస్టారి వైపు చూశారు. ఆయన వెళ్ళి తన చేత్తో దీపం ఆర్పేశారు.

వరండాలో వరసగా కూర్చున్నారు, మేస్టారు కూడా. ఆకులు దొరక్కపోతే పాత పేపర్లు పరిచారు. నా మూటలో పులిహోర మిగిలి ఉంది. పక్క హోటలు నుంచి అన్నమూ పప్పూ పెరుగూ తెప్పించారు. నేను వడ్డించాను. వద్దన్నవాడి మాట నమ్మలేదు. "సాలమ్మా" అన్నవాడి కడుపు వైపు చూసి ఇంకో గరిటె వేశాను. ఒక పిల్లాడు తింటూ తింటూ ఏడ్చాడు. ఏడుస్తూనే తిన్నాడు. వాడికి పెరుగన్నం పెట్టి, అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. లోపల యంత్రం చల్లారుతోంది.

ఆ కొలతలు మళ్ళీ మొదలెట్టారని ఉత్తరం రాశారు. ఎడమపక్క వరసలో పన్నెండు తరవాత రెండే వేస్తున్నామని కూడా రాశారు. నేను పూర్తిగా నమ్మను. వచ్చి చూస్తాను.

మీరు ఈ పుస్తకం ఏ వేళప్పుడు పట్టుకుని కూర్చున్నారో నాకు తెలీదు. పక్కన పెట్టి లేవండి. వెళ్ళి కడుపునిండా అన్నం తినండి.